పాత హార్వెస్టర్ ట్యాంకు ఎత్తు పెంచడం: రెండు అడుగులు అడిగితే పది అంగుళాలే ఎందుకు పెంచాను

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున నేను షట్టర్ తీసేసరికే వరికోత మిషన్ వచ్చి రోడ్డు పక్కన నిలబడి ఉంది. టైరు మిషన్, ముందు పైరు కోసే 14 అడుగుల కట్టర్, ఆరు సిలిండర్ల లేలాండ్ ఇంజను, 2009 మోడల్. పంజాబ్‌లో రెండు చేతులు మారి మా నిజామాబాద్ జిల్లా కోటగిరి వైపు వచ్చింది. ఓనరు పాత గిరాకీయే. దిగుతూనే, కోసిన వడ్లు పోగయ్యే ట్యాంకు అంచు మీద చేత్తో కొట్టి, "అన్నా, దీన్ని రెండు ఫీట్లు లేపాలె. కోతలకు ముందే ఇయ్యాలె" అన్నాడు.

మా బోధన్, వర్ని, కోటగిరి వైపు యాసంగి కోతలు మార్చిలోనే మొదలవుతాయి. అంటే చేతిలో ఉన్నది నెల రోజులు. అవసరం ఏమిటని అడిగితే చెప్పాడు:

"అర ఎకరం కోస్తే నిండుతున్నది. ట్రాక్టరోడు ఒడ్డు మీద ఫోన్ చూస్కుంట కూసుంటడు. నేను మడి నడుమ నుంచి మిషన్ తిప్పుకొని పోవాలె, పోసి మళ్ల రావాలె. సగం డీజిల్ గిట్లనే పోతున్నది."

ఈ పని అంతకుముందు నాలుగు మిషన్లకు చేశాను. వాటిలో రెండింటి గురించి నేను గొప్పగా చెప్పుకోను. ఒకదానికి ఓనరు అడిగినంత ఎత్తు పెట్టాను, సీజన్ నడుమ మూల దగ్గర రేకు చీలి వడ్లు మడిలో కారాయి. ఇంకోదాన్ని ఓనరే మరుసటి ఏడు విప్పి పశువుల కొట్టానికి గోడగా వాడుకున్నాడు. అందుకే ఈసారి వెల్డింగ్ రాడ్ పట్టేముందు టేపు పట్టాను. పనితోపాటు నేను చేసిన తప్పును కూడా ఇక్కడ రాస్తున్నాను.

ట్రాలీ కొలత ముందు, ట్యాంకు కొలత తర్వాత

పాత ట్యాంకు అంచు మట్టానికి నిండితే 12 క్వింటాళ్లు పడుతుంది. ఇది ఓనరు చెప్పిన మాట కాదు. పోయిన వానాకాలం ఇదే మిషన్ పోసిన ట్రాలీని కాంటా మీద తూచిన చీటీలు ఆయన డ్యాష్‌బోర్డు సందులో ఇరికించి పెట్టుకున్నాడు. పచ్చి వడ్లు ఘనపు అడుగుకు 16 కిలోల 400 గ్రాముల దాకా తూగుతాయని నా పుస్తకంలో లెక్క ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న రేకు డబ్బాతో నేనే తూచి రాసుకున్నది. తేమ, తాలు మారితే అర కిలో అటూ ఇటూ అవుతుంది. ఆ లెక్కన పాత ట్యాంకు 73 ఘనపు అడుగులు.

ట్యాంకు పైమూతి కొలిస్తే 6 అడుగుల 11 అంగుళాలు, 4 అడుగుల 7 అంగుళాలు వచ్చింది. ఆయన అడిగిన రెండు అడుగులు పెంచితే ఇంకో 10 క్వింటాళ్ల పైన పడతాయి. మొత్తం 22 క్వింటాళ్లు. కాగితం మీద రాసి చూపిస్తే ఆయన మొహం వెలిగిపోయింది. ఎకరానికి ఒక్క ట్యాంకే అనుకున్నాడు.

"మీ ట్రాక్టరోనికి ఫోన్ చేయి. ట్రాలీ తీసుకొని రమ్మను" అన్నాను.

ట్రాలీ డబ్బా 11 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. పక్క పలకలు వేస్తే లోతు 3 అడుగులు. 198 ఘనపు అడుగులు, అంటే సుమారు 32 క్వింటాళ్ల 50 కిలోలు. ఆ టేపు అక్కడే పట్టుకొని ఇద్దరం ఆలోచనలో పడ్డాం. 12 క్వింటాళ్ల ట్యాంకుతో ఇన్నాళ్లూ ఏం జరిగేదంటే, మొదటి రెండు ట్యాంకులు ట్రాలీలో పూర్తిగా పడేవి. మూడోదాంట్లో ఎనిమిదిన్నర క్వింటాళ్లకే ట్రాలీ నిండేది. మిగిలిన మూడున్నర క్వింటాళ్లు మిషన్‌లోనే ఉండిపోయేవి. ట్రాక్టరు కల్లానికి పోయి పోసి వచ్చేలోపు మిగతా ట్యాంకు కాస్తా నిండి మిషన్ ఆగిపోయేది. ఆయన ట్యాంకు చిన్నదనుకుంటున్నాడు గానీ, ట్యాంకు కొలతకూ ట్రాలీ కొలతకూ పొత్తు కుదరకపోవడం అసలు చిక్కు. 22 క్వింటాళ్ల ట్యాంకు పెట్టినా అదే బాధ: ఒకటి పడుతుంది, రెండోది సగం పడుతుంది.

ట్రాలీ సరిగ్గా రెండు ట్యాంకులకు నిండాలంటే ట్యాంకు 16 క్వింటాళ్ల పైచిలుకు ఉండాలి. అంటే నాలుగు క్వింటాళ్ల కొద్దిగా పైన పెంచితే చాలు. పైమూతి కొలతతో భాగిస్తే పది అంగుళాలు. ఎత్తు ఎంతన్నది ఇలా ట్రాలీయే తేల్చింది.

ఓనరు ముఖం చిన్నబోయింది. "పది ఇంచులకు గింత పనా?" అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

కిరసనాయిలు, సుద్ద

రేకు కట్ చేయడానికి ముందు ట్యాంకు కింది వైపు చూడాలి. పై నుంచి అదనంగా పడే ప్రతి కిలోనూ కింద నాలుగు బ్రాకెట్లే మోస్తాయి. 2009 నుంచి ఎన్ని గట్లు ఎక్కి దిగిందో, ఎన్ని వేల కిలోమీటర్లు రోడ్డు మీద ఊగిందో ఎవరికి తెలుసు. పైగా పాత మిషన్లు చేతులు మారేటప్పుడు రంగు కొట్టి అమ్ముతారు. రంగు కింద ఏముందో బయటికి కనబడదు.

నాలుగు బ్రాకెట్ల దగ్గరా రంగును వైర్ బ్రష్‌తో గీకి లోహం తేల్చాను. గుడ్డను కిరసనాయిలులో ముంచి వెల్డింగ్ అంచుల వెంట బాగా పట్టించి, పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచేశాను. ఆ పైన సుద్దపొడి అద్దాను. మూడు బ్రాకెట్లు తెల్లగానే ఉన్నాయి. ముందు ఎడమ బ్రాకెట్ మీద మాత్రం రెండు మూడు నిమిషాల్లో తడిగీత ఒకటి మెల్లగా తేలింది. వెంట్రుక మందాన, అంగుళంన్నర పొడవు. పగుల్లోకి ఇంకిన నూనె సుద్దలోకి ఊరి వస్తుందన్నమాట. మిషన్ డ్రైవరు, నేను తమ్ముడు అని పిలిచే అతను, దగ్గరకొచ్చి చూసి, "గిది నాకెప్పుడూ కండ్లబడలే" అన్నాడు. కంటికి కనబడేది కాదు మరి.

పగులు రెండు చివర్లా చిన్న రంధ్రం వేశాను, ఇంకా పాకకుండా. మధ్యలో గ్రైండర్‌తో గాడి తీసి నింపి, పైన 6 మిల్లీమీటర్ల పట్టీ ప్లేటు వేశాను. కుడివైపు పగులు లేకపోయినా అదే ప్లేటు పెట్టాను. ఒకవైపే గట్టిపడితే బరువు అటే లాగుతుంది, తర్వాత రెండోవైపు పగులుతుంది.

ట్యాంకు పై అంచు కూడా పచ్చి వడ్ల తేమకు తుప్పు పట్టి చాలాచోట్ల పలచబడింది. దానికి నేరుగా వెల్డింగ్ పెడితే రేకు కాలి రంధ్రాలు పడతాయి. అందుకని పాత అంచు లోపలి వైపు చుట్టూ 35 మిల్లీమీటర్ల ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్‌తో ఫ్రేము వేసి, కొత్త భాగాన్ని దానికి బోల్టులతో కట్టాను. 22 బోల్టులు, అన్నీ 17 నంబరు పానాకు వచ్చేవే. వెల్డింగ్ చేయకుండా బోల్టు పెట్టడం వల్ల లాభం ఒకటుంది, రేపు అవసరమైతే ఇద్దరు మనుషులు గంటలో విప్పేయవచ్చు. రేకు 14 గేజి. మూలల్లో త్రిభుజం ముక్కలు, పొడవాటి పక్క మధ్యలో ఒక నిలువు పట్టీ. నాకు చీలిన పాత పనిలో లేనివి ఈ రెండే. రేకునూ యాంగిల్‌నూ కలిపితే 70 కిలోలు అయింది.

పక్కలు పూర్తిగా నిలువుగానే పెట్టాను. బయటికి వాల్చితే ఇంకో క్వింటా పట్టేది. కానీ మా దగ్గర గట్ల మీద తుమ్మచెట్లుంటాయి, మడత పెట్టినప్పుడు వడ్లు బయటికి పోసే అన్‌లోడ్ పైపు ట్యాంకు పక్కనే ఆనుకుంటుంది. వాలుపక్క రెండింటికీ అడ్డమే.

నా తప్పు

ఇంతవరకూ పని బాగానే ఉంది. వడ్లు లోపలికి వచ్చే దారిని మాత్రం నేను తేలిగ్గా తీసుకున్నాను.

ఈ మిషన్‌లో శుభ్రమైన వడ్లు కుడివైపు ఎలివేటర్‌లో రబ్బరు తెడ్ల మీద పైకెక్కుతాయి. అక్కడి నుంచి ఏటవాలు ఆగర్ ఒకటి, మేం స్క్రూ అంటాం, వాటిని ట్యాంకు లోపలికి తెచ్చి పోస్తుంది. ఆ స్క్రూ మూతి పాత అంచు కన్నా నాలుగు అంగుళాలు పైనే ఉంది. పెంచింది పది అంగుళాలు. మూతి కన్నా వడ్లు ఆరు అంగుళాలు పైకి రావచ్చు, చివర్లో కొంచెం కూరుకుంటుంది, స్క్రూ తోసుకుంటుందిలే అనుకున్నాను.

ట్రయల్‌కు మార్చి రెండో వారంలో కోటగిరి దగ్గర మొదటి మడి దొరికింది. పొద్దున ఎనిమిదింటికే దింపారు. మంచు తడి ఇంకా ఆరలేదు. మొదట పది క్వింటాళ్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. నేను డ్రైవరు పక్కనే మెట్టు మీద నిలబడి వెనక్కి చూస్తున్నాను. వడ్లు మట్టంగా పరుచుకోవడం లేదు. స్క్రూ మూతి కింద పుట్టలాగా లేస్తున్నాయి. ఆ పుట్ట ఎడమ మూలకు అసలు చేరలేదు, అక్కడ ఇంకా రేకు కనబడుతోంది. మూతి దగ్గర మాత్రం వడ్లు పాత అంచు దాటేశాయి. ఇంకో రెండు నిమిషాలకు మూతి కూరుకుపోయింది. వెంటనే కుడివైపు నుంచి టకటకమని చప్పుడు, ఎలివేటర్ క్లచ్ జారుతోంది. తమ్ముడు కట్టర్ ఎత్తి మిషన్ ఆపేసరికి బెల్టు కాలిన వాసన ముక్కుకు తగిలింది.

కిందికి దిగి ఎలివేటర్ అడుగు తలుపు తీస్తే వడ్లు ధారగా కింద పడ్డాయి. తెడ్లు రెండు విరిగాయి. ట్యాంకులో ఉన్నవి ట్రాలీలో పోసి తూస్తే 13 క్వింటాళ్ల 40 కిలోలు. పది అంగుళాలు పెంచి సంపాదించింది క్వింటాన్నర కూడా కాదు.

తప్పు ఎక్కడంటే, నేను ట్యాంకును నీళ్ల తొట్టిలాగా లెక్కేశాను. నీళ్లు మట్టంగా నిండుతాయి. వడ్లు పోగు పడతాయి, అందులోనూ పచ్చి వడ్లు మరీ నిటారుగా నిలబడతాయి. ఎండు వడ్లు చేతిలోంచి జారినట్టు అవి జారవు. పోగు కొన స్క్రూ మూతిని తాకిందంటే ట్యాంకు నిండినట్టే, మూలలు ఎంత ఖాళీగా ఉన్నా. రేకు ఎంత పెంచామన్నది ఆ తర్వాతి సంగతి. మూతి ఎక్కడుంది, ట్యాంకు నడిమికి ఎంత దూరంలో ఉందన్నదే నిజమైన కొలత. నాలుగు మిషన్లు చేసినవాడికి ఇది ముందే తెలిసి ఉండాల్సింది. అంతకుముందు చేసినవాటిలో మూతి పుట్టుకతోనే ఎత్తుగా ఉండేది. అందుకే నాకు తగలలేదు.

సాయంత్రానికి మిషన్ మళ్లీ షాపు ముందుకు వచ్చింది. ఓనరు ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మూతి పెంచడానికి రెండు దారులున్నాయి. ఎలివేటర్ తలనే పైకెత్తడం ఒకటి: డబ్బా పొడవు పెరగాలి, చైను పెరగాలి, పైన బేరింగ్ మార్చాలి. కోతలు మొదలయ్యాక ఆ పని పెట్టుకుంటే సీజన్ పోతుంది. రెండోది, ఏటవాలు స్క్రూనే పొడిగించడం. అది 35 డిగ్రీల వాలులో ఉంది. అడుగు పొడిగిస్తే మూతి దాదాపు ఏడు అంగుళాలు పైకి లేస్తుంది, పది అంగుళాలు ట్యాంకు నడిమికి జరుగుతుంది. మనకు కావాల్సినవి రెండూ అవే. నడిమికి జరగడం ఎత్తు కన్నా ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే పోగు నాలుగు వైపులకూ సమంగా జారుతుంది.

నిజామాబాద్‌లో పాత మిషన్లు విప్పే చోట అదే కొలత స్క్రూ ముక్క దొరికింది. తీసుకునేముందు రెండు చూడాలి. ఒకటి, మర కుడిచేతిదా ఎడమచేతిదా. రెండు ముక్కలనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది, కానీ హడావుడిలో ఎడమచేతిది తెచ్చి అతికించినవాళ్లు నాకు తెలుసు, అప్పుడది వడ్లను వెనక్కి లాగుతుంది. రెండు, మరకూ మరకూ మధ్య దూరం పాతదానితో సరిపోవాలి. లేదంటే అతుకు దగ్గర వడ్లు నలిగి నూకలవుతాయి. షాఫ్టు అతుకు లోపల ఆరు అంగుళాల గట్టి కడ్డీ దూర్చి, లేత్ మీద సుద్ద ఆనించి తిప్పి, వంకర లేకుండా చూసి వెల్డింగ్ చేయించాను. బయటి గొట్టానికి అడుగు ముక్క. చివర్లో గొట్టం వేలాడకుండా ట్యాంకు ముందుగోడ నుంచి ఒక ఊత.

ఎలివేటర్ క్లచ్ స్ప్రింగు కూడా విప్పి చూశాం. పాత డ్రైవరు దాన్ని మరీ గట్టిగా బిగించి పెట్టాడు. క్లచ్ సమయానికి జారకపోతే తెడ్డు విరుగుతుంది, తెడ్డు గట్టిదైతే చైను తెగుతుంది. జారేందుకే అది ఉంది. స్ప్రింగు మార్చి సరిగా సర్దాను.

మళ్లీ పొలానికి పోతే ట్యాంకు అంచుకు రెండు అంగుళాల కింద దాకా, నాలుగు మూలలా నిండింది. మధ్యలో పోగు అంచు దాటి కొద్దిగా లేచింది. తూస్తే 16 క్వింటాళ్ల 30 కిలోలు.

అడుగున ఉన్న స్క్రూ

ట్యాంకు అడుగున వడ్లను బయటి పైపులోకి తోసే స్క్రూ మీద ఇప్పుడు బరువు పెరిగింది. నడుస్తున్నప్పుడు పరవాలేదు, కదలకుండా ఉన్నదాన్ని కదిలించేటప్పుడే దాని మీద భారం. దాని పైన టోపీలాగా ఒక వంపు రేకు ఉంటుంది, కింద ఎంత సందు వదిలితే అన్ని వడ్లు స్క్రూలోకి దిగుతాయి. ఆ సందు మూడు అంగుళాలుంది, రెండుంబావుకు దించాను. ఖాళీ అయ్యే వేగం కొంచెం తగ్గింది: పాత 12 క్వింటాళ్లకు 2 నిమిషాల 40 సెకన్లు పట్టేది, ఇప్పుడు 16 క్వింటాళ్లకు 3 నిమిషాల 50 సెకన్లు. భారం మితిమీరితే తెగిపోయేందుకు పెట్టే షియర్ బోల్టు స్థానంలో ఎవరో తేలిగ్గా తెగని హైటెన్సిల్ బోల్టు దూర్చారు. తీసి మామూలు బోల్టు వేసి, నాలుగు బోల్టులు టూల్ బాక్సులో పెట్టి తమ్ముడికి చూపించాను. తెగాల్సిన చోట అది తెగకపోతే గేర్‌బాక్సు పగులుతుంది.

తమ్ముడికి ఇంకోటి కూడా చెప్పాను: పైపు నిండా వడ్లుండగా మధ్యలో ఆపొద్దు, మొదలుపెట్టేటప్పుడు ఇంజను నెమ్మది మీద కలిపి తర్వాత రేసు పెంచాలి.

కాంటా మీద

బరువు ఎంత పెరిగిందన్నది అందరూ చెప్తారు. ఏ టైరు మీద పెరిగిందన్నది తూచి చూసేవాళ్లు తక్కువ. ధాన్యం లారీలు తూచే కాంటాకు మిషన్‌ను తీసుకుపోయి ముందు టైర్లు మాత్రం కాంటా మీద పెట్టి ఒకసారి, మొత్తం మిషన్ పెట్టి ఒకసారి తూచాం. కాంటా అబ్బాయి ప్రతిసారీ నవ్వుతూనే రెండు చీటీలిచ్చాడు, రెండు ఫీజులు తీసుకున్నాడు.

కట్టర్ తగిలించి, డీజిల్ నింపి, ట్యాంకు ఖాళీగా, రేకు పెంచకముందు: ముందు 6,280 కిలోలు, వెనక 2,310. పాత ట్యాంకు నిండితే ముందు 7,330, వెనక 2,460. కొత్తది నిండితే ముందు 7,760, వెనక 2,530, మొత్తం 10,290.

పెరిగిన బరువులో చాలా భాగం ముందు ఇరుసు మీదే పడుతోంది. నడిపించే చక్రాలు ముందున్నాయి, స్టీరింగ్ చక్రాలు వెనకున్నాయి. ఖాళీ మిషన్‌లో వెనక చక్రాల మీద మొత్తం బరువులో 27 శాతం ఉంటే, నిండినప్పుడు 25 శాతానికి కొంచెం కిందికి వచ్చింది. మట్టంగా ఉన్న మడిలో ఇది తెలియదు. గట్టు దిగేటప్పుడు, ముందుకు వాలినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు వెనక తేలిక అవుతుంది, స్టీరింగ్ తిప్పినా మిషన్ తిరగదు. రెండు అడుగులు పెంచి ఉంటే ఇంకో ఆరు క్వింటాళ్ల పైన పెరిగేది, అందులో చాలా భాగం ఆ ముందు టైర్ల మీదే పడేది. ఈ చీటీలు చూసినప్పుడు ఓనరు మొదటిసారి పది అంగుళాల గురించి సణగడం మానేశాడు.

ముందు టైర్ల పక్కన ఉన్న అంకెలు చూసి, టైర్ల కంపెనీ పట్టికతో పోల్చాను. పొలంలో నడిచే నెమ్మదికి సరిపోతాయి. రోడ్డు వేగానికి పాత ట్యాంకు నిండు బరువే అంచు మీద ఉంది. కాబట్టి నిండు ట్యాంకుతో రోడ్డు ఎక్కడం పూర్తిగా బంద్. ఈ మాట ట్యాంకు రేకు మీద ఎర్ర రంగుతో రాయించాను, ఎందుకంటే డ్రైవర్లు మారుతుంటారు.

బురద మడిలో ఇంకో సంగతి. నీళ్లు ఆరని నల్లరేగడిలో టైరు దిగబడితే, ట్యాంకు పెంచిన పుణ్యం మొత్తం గాడిలోనే పోతుంది. తర్వాత దమ్ము చేసే రైతు ఆ గాడి చూసి తిట్టేది ఓనర్‌నే. అలాంటి మడుల్లో పాత అంచు దాటి నింపొద్దని చెప్పాను. నిజానికి అక్కడ టైర్లకు బదులు చైను పట్టాల మీద నడిచే చైను మిషన్ పిలవాలి, కానీ ఆ మాట టైరు మిషన్ ఓనరుతో చెప్పగలమా.

మక్కల గీత

వరి అయ్యాక ఈ మిషన్ కట్టర్ స్థానంలో మక్కలు (మొక్కజొన్న) కోసే హెడ్డర్ తగిలించుకొని పోతుంది. మక్కలు వడ్ల కన్నా బరువు, ఘనపు అడుగుకు 20 కిలోల పైమాటే. అదే ట్యాంకు మక్కలతో అంచు దాకా నింపితే 20 క్వింటాళ్లు దాటుతుంది. ముందు ఇరుసును చూసి నేను ట్యాంకుకు ఒప్పుకున్న బరువు 16 క్వింటాళ్లు. అందుకని లోపలి గోడ మీద రెండు గీతలు గీయించాను. వడ్లకు పైన తెల్ల గీత. మక్కలకు పాత అంచు మీద రెండున్నర అంగుళాల దగ్గర పసుపు గీత. సోయా కోసినా పసుపు గీతే. మక్కలకు ట్యాంకు పెంచడం వల్ల లాభం దాదాపు లేదన్నమాట, ఆ సంగతి ఓనరుకు ముందే చెప్పాను.

ఈ గీతలు కనబడాలంటే డ్రైవరు వెనక్కి తిరిగి చూసే చోట రేకులో కిటికీ ఉండాలి. పాత ట్యాంకులో ఉన్న చిన్న అద్దం కొత్త రేకు కన్నా కిందే ఉండిపోయింది. ముందుగోడలో అడుగు వెడల్పున జాలి కిటికీ పెట్టాను. పైకి చూడటానికి చిన్నదే గానీ, ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. కారణం కరెంటు తీగలు.

మా దగ్గర ట్యాంకు నిండిందో లేదో చూడటానికి, వడ్లు కాళ్లతో సర్దడానికి ఒక మనిషి ట్యాంకు మీదికెక్కుతాడు. ఇప్పుడు ట్యాంకు అంచు నేల నుంచి 3 మీటర్ల 70 సెంటీమీటర్ల ఎత్తుంది. దాని మీద మనిషి నిలబడితే తల 5 మీటర్లు దాటుతుంది. పొలాల మీదుగా పోయే 11 కేవీ (11 వేల వోల్టుల) దాకా తొడుగులేని తీగలు నేల నుంచి 4 మీటర్ల 60 సెంటీమీటర్లకు తగ్గకూడదని విద్యుత్ నిబంధన. బోరు మోటార్లకు లాగిన తీగలు ఎండకు సాగి, స్తంభాలు వంగి అంతకన్నా కింద వేలాడేవి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. తీగ సరిగ్గా నిబంధన ఎత్తులోనే ఉన్నా, మిషన్ దాని కింద నుంచి పోతుంది, మీద నిలబడ్డ మనిషి పోలేడు. కిటికీ ఉంటే ఎక్కాల్సిన పని లేదు. వెనక ఉన్న పాత మెట్ల నిచ్చెనను కూడా కింది రెండు మెట్లు కోసేశాను. రిపేరుకు కావాలంటే వేరే నిచ్చెన వేసుకోవచ్చు. తమ్ముడు మొదట గొణిగాడు, తర్వాత మొదటి మడిలోనే తీగ కింద నుంచి పోయినప్పుడు తల పైకెత్తి చూసి ఊరుకున్నాడు.

లాభం ఎవరికి

తమ్ముడికి సుద్దముక్క ఇచ్చి, పోసిన ప్రతిసారీ రేకు మీద ఒక గీత గీయమన్నాను. 11 ఎకరాలు కోసిన ఒక రోజు 17 గీతలు. ఎకరానికి 25 క్వింటాళ్ల చొప్పున పాత ట్యాంకుకు అదే పని 23 సార్లు అయ్యేది. ఆరుసార్లు వచ్చిపోవడం తగ్గింది. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. అయితే వడ్లు అన్నే కాబట్టి స్క్రూ తిరిగే టైము తగ్గదు, పైగా సందు తగ్గించినందుకు నాలుగు నిమిషాలు పెరిగింది. నికరంగా రోజుకు 20 నిమిషాలు మిగిలాయి. ఇది ఓనరు ఊహించుకున్న దానిలో పావు వంతు కూడా కాదు. నేను కూడా ఇంకొంచెం ఎక్కువే అనుకున్నాను.

కానీ ఒకే ట్రాక్టరు ఉన్న పొలాల్లో తేడా బాగా కనబడింది. రెండు ట్యాంకులకు ట్రాలీ సరిగ్గా నిండి వెళ్లిపోతోంది, మిషన్‌లో ఏమీ మిగలడం లేదు. ట్రాక్టరు తిరిగొచ్చేసరికి మిషన్ ఖాళీ ట్యాంకుతో మొదలుపెట్టి మూడింట రెండొంతుల ఎకరం కోసుకుంటూ ఉంటోంది. ఎదురుచూసి నిలబడటం చాలావరకు పోయింది.

మొత్తం ఖర్చు రూ. 23,600: రేకు, యాంగిల్‌కు 6,800, స్క్రూ ముక్క, లేత్ పనికి 5,200, తెడ్లు, స్ప్రింగుకు 2,900, బ్రాకెట్లు, రంగుకు 2,100, మజూరీ 6,600. రెండోసారి చేసిన పనికి మజూరీ వేయలేదు, అది నా తప్పు కదా.

ఇక ఏప్రిల్ మధ్యలో ఓనరు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక మాట. గంట కిరాయికి నడుపుతున్న. ట్యాంకు పెద్దగైనంక గంటలు తక్కువైతున్నయి. రైతులు ఖుషీగ ఉన్నరు, నాకే తక్కువొస్తున్నది." ఆ లెక్క మా ఇద్దరిలో ఎవరికీ ముందు తట్టలేదు. గంట చొప్పున కిరాయి తీసుకునే మిషన్ మడి చివరికి పోయి వడ్లు పోసి వచ్చే టైముకు డబ్బులు కట్టేది రైతు. ఆ టైము తగ్గితే మొదట మిగిలేది రైతుకే. ఎకరం చొప్పున మాట్లాడుకుంటేనే అది ఓనరు జేబులోకి వస్తుంది. ఆయన ఆ వారం నుంచే రెండు ఊళ్లలో ఎకరం రేటుకు మారాడు. పడిపోయిన వరి ఉన్నచోట మాత్రం గంటకే ఉంచాడు, అది తెలివైన పనే.

జూన్‌లో మక్కల పని కూడా అయ్యాక మిషన్ షాపుకు వచ్చింది. 22 బోల్టుల్లో ఎడమ వెనక మూల దగ్గర మూడు వదులయ్యాయి, వాటి రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగాయి. అక్కడ వెడల్పు వాషర్లు, డబుల్ నట్లు వేశాను. స్క్రూ ఊత దగ్గర రంగు రాలింది తప్ప పగులు లేదు. ముందు ఎడమ బ్రాకెట్‌కు మళ్లీ కిరసనాయిలు పట్టించి సుద్ద అద్దితే అరగంట తర్వాత కూడా తెల్లగానే ఉంది. పసుపు గీత మీద మాత్రం మక్కల దుమ్ము రెండంగుళాల పైదాకా పట్టి ఉంది. తమ్ముడిని అడిగితే నవ్వాడు, "ఒక్కసారే అన్నా" అన్నాడు.